కీల్డర్ వాటర్ చుట్టూ 26 మైళ్ళు సైకిల్ మీద: పిల్లలతో, పెద్దవాళ్ళతో ఒక్క రోజులో అవుతుందా?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు లెస్టర్‌లో ఉంటారు. మీ ఇద్దరూ, పదకొండేళ్ళ పాప, జూన్‌లో ఇండియా నుంచి వస్తున్న 66 ఏళ్ళ నాన్నగారు కలిసి ఇంగ్లండు ఉత్తరపు కొసన ఉన్న కీల్డర్ వాటర్ అనే సరస్సు చుట్టూ సైకిళ్ళ మీద తిరిగి రావాలని ఉంది. కార్ల పక్కన తొక్కాలంటే భయం కాబట్టి ఆ దారి ఎంచుకున్నారు. మీ సందేహాలు మూడు: 26 మైళ్ళు ఒక్క రోజులో అవుతాయా, సరస్సు గట్టు కాబట్టి దారి సమంగానే ఉంటుంది కదా, ఇంట్లో ఉన్న మామూలు సైకిళ్ళు సరిపోతాయా.

సూటిగా చెప్తాను. దారి మీరు విన్నట్టే కార్లు లేని దారి, కానీ సమంగా ఉండదు. అలవాటున్న పెద్దవాళ్ళకి ఒక్క రోజులో అవుతుంది. పాపతో, నాన్నగారితో అయితే రెండు రోజులు పెట్టుకోండి. టైర్లు సన్నవైతే మాత్రం అసలు బయల్దేరకండి.

నేను 2011 నుంచి న్యూకాసిల్‌లో ఉంటున్నాను. అక్కడినుంచి కీల్డర్‌కి కారులో గంటన్నర. ఒంటరిగా, స్నేహితులతో, మా అమ్మాయితో, ఇండియా నుంచి వచ్చిన మామగారితో ఆ దారి మీద చాలాసార్లు తొక్కాను. కింద రాసేదంతా అలా తెలిసిందే.

ముందు ఆ "సమంగా ఉంటుంది కదా" అన్న మాట తేల్చుకుందాం. దాదాపు అందరూ అక్కడే పొరపాటు పడతారు. నీళ్ళు సమంగా ఉంటాయి, నీళ్ళ పక్కన దారి ఉండదు. కీల్డర్ సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. నార్త్ టైన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, కొండల మధ్య లోయని నింపిన రిజర్వాయర్. లోయలోకి రెండు పక్కలనుంచీ వాగులు దిగుతాయి. వాగు వచ్చిన ప్రతిచోటా నీళ్ళు కొండలోకి వేలు పెట్టినట్టు చొచ్చుకుపోతాయి. దారి కూడా ఆ మెలిక వెంట లోపలికి వెళ్ళి, వాగు మీది వంతెన దాకా జారి, దాటిన వెంటనే మళ్ళీ పైకెక్కుతుంది. ఏ ఒక్క ఎక్కుడూ పెద్దది కాదు. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. కానీ అలాంటివి ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, కొన్ని బాగా నిటారుగా కూడా ఉంటాయి. రోజంతటికీ కలిపితే కొన్ని వందల మీటర్లు ఎక్కినట్టు అవుతుంది. పైగా కంకర దారి. తారు రోడ్డు మీద తొక్కు ఆపితే సైకిల్ కాసేపు దానంతట అదే సాగుతుంది, కంకర మీద అలా సాగదు.

అందుకే నేను అందరికీ ఒకే లెక్క చెప్తాను. కీల్డర్ 26 మైళ్ళు (42 కిలోమీటర్లు) అంటే, కాలువ గట్టు మీద 40 మైళ్ళు తొక్కినంత అనుకోండి. ఇది ఎవరూ కొలిచి చెప్పిన లెక్క కాదు, సాయంత్రానికి నా కాళ్ళు చెప్పే లెక్క. కీల్డర్ మారథాన్ పరుగు పెట్టేది కూడా ఈ దారి మీదే. ఊళ్ళలో మారథాన్లు పరుగెత్తి వచ్చినవాళ్ళు సైతం ఇక్కడ తమ మామూలు టైముకి దగ్గరగా కూడా రాలేకపోయామని చెప్తుంటారు.

ఇక కార్ల సంగతి. ఆ దారి పేరు లేక్‌సైడ్ వే. నడిచేవాళ్ళకి, సైకిళ్ళకి, గుర్రాలకి కలిపి వేసిన దారి. దక్షిణపు గట్టున కార్లు వెళ్ళే రోడ్డు ఉంది గానీ, మీ దారి దానికి వేరుగా చెట్ల మధ్యనుంచి పోతుంది. కార్ పార్కులకి, పడవల రేవులకి వెళ్ళే చిన్న రోడ్లని అక్కడక్కడ దాటాలి. ఆనకట్ట మీద ఒక కిలోమీటరు పైచిలుకు దూరం మాత్రం అవతలి కొసన ఉన్న హాక్‌హోప్ కార్ పార్కుకి వెళ్ళే కార్లు వస్తాయి. తక్కువే వస్తాయి, నెమ్మదిగా వస్తాయి, ఎదురుగా ఉన్నది దూరం నుంచే కనిపిస్తుంది. ఉత్తరపు గట్టున ఊళ్ళూ లేవు, రోడ్డూ లేదు. చెట్లు కొట్టే లారీలు తిరిగే అడవి దారులు కొన్ని అడ్డొస్తాయి. "కోత జరుగుతోంది" అన్న బోర్డు కనిపిస్తే పక్కదారి గుర్తులు పట్టుకుని వెళ్ళండి, బోర్డు దాటి లోపలికి వెళ్ళకండి. ఆ అడవి కూడా మనుషులు నాటిందే, 1926లో మొదలుపెట్టారు. ఎక్కువగా సిట్కా స్ప్రూస్ చెట్లు. తడి నేలలో వేళ్ళు లోతుకి దిగవు, పెద్ద గాలికి వరసలు వరసలుగా పడిపోతాయి. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు అక్కడ పడిపోయిన చెట్లు లెక్కలేనన్ని. బయల్దేరే ముందు రోజు దారి మూతల గురించి కీల్డర్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి. నా సలహా హాక్‌హోప్. ఆనకట్టకి ఉత్తరపు కొస అది. అక్కడినుంచి నీళ్ళు ఎడమ చేతి పక్కన ఉండేలా, అంటే ఉత్తరపు గట్టు ముందు, దక్షిణపు గట్టు తర్వాత. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది, ఉత్తరపు గట్టున ఆనకట్ట నుంచి పైకొసన ఉన్న వయాడక్ట్ (పాత రైలు వంతెన) దాకా సుమారు 12 మైళ్ళ పొడుగునా టీ కొట్టు లేదు, మనిషి లేడు. ఆ భాగం పొద్దున కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే అయిపోవాలి. మధ్యాహ్నానికి కీల్డర్ గ్రామం చేరతారు. ఆ తర్వాత దక్షిణపు గట్టున లీప్లిష్, టవర్ నో లాంటి మనుషులుండే చోట్లు వస్తాయి. ఎవరికైనా ఓపిక అయిపోతే కారు రాగలిగే వైపు కూడా అదే. చాలామంది టవర్ నో దగ్గర కారు ఆపి, తేలిగ్గా ఉంటుందని దక్షిణపు గట్టు మీద మొదలుపెట్టి, అలసిపోయాక మూడు గంటలకి ఉత్తరపు గట్టులోకి వస్తారు. వాళ్ళ మొహాలు నేను ఎదురుగా చూస్తుంటాను. పిల్లలున్నవాళ్ళయితే ఆగి, ఇంకా ఎంత దూరం ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

రెండోది గాలి. అక్కడ గాలి ఎక్కువగా నైరుతి, పడమరల నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి పెరుగుతుంది. పొద్దున గాలి తక్కువగా ఉండగా ఎదురు వెళ్ళి, సాయంత్రం అది వీపుని తోస్తుంటే తిరిగి రావడం మేలు. ఆనకట్ట మీద ఏ అడ్డూ ఉండదు కాబట్టి అక్కడ పక్కగాలి గట్టిగా కొడుతుంది. పాపని మీ ఇద్దరి మధ్యలో ఉంచుకోండి.

రెండు రోజుల పద్ధతి ఇలా. మొదటి రోజు హాక్‌హోప్ నుంచి ఉత్తరపు గట్టు మీదుగా కీల్డర్ గ్రామం. ఆ రాత్రి అక్కడ. రెండో రోజు గ్రామం నుంచి బేక్‌థిన్ అనే చిన్న రిజర్వాయర్ పక్కగా దిగి లీప్లిష్, బుల్ క్రాగ్, టవర్ నో, ఆనకట్ట. రెండో రోజు దూరం కొంచెం ఎక్కువ. అలసటగా ఉంటే బుల్ క్రాగ్ ద్వీపకల్పం చుట్టూ తిరక్కుండా అడ్డంగా కోసుకుని వచ్చేయొచ్చు. గ్రామంలో బస ఏర్పాట్లు కొద్దిగానే ఉంటాయి, గది ఖాయమయ్యాకే సెలవు పెట్టండి. కారులో వచ్చేటప్పుడు బెల్లింగమ్‌లో పెట్రోలు పోయించుకోండి, సామాన్లు కూడా అక్కడే కొనుక్కోండి. దాని తర్వాత పెద్దగా ఏమీ దొరకవు.

ఇక సైకిళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే. 2012 జూలైలో మొదటిసారి వెళ్ళినప్పుడు నా దగ్గర రోడ్డు సైకిల్ ఉండేది, 25 మిల్లీమీటర్ల టైర్లు. గట్టి కంకర దారేనని ఎవరో చెప్తే నమ్మి వెళ్ళాను. ఉత్తరపు గట్టున ఒక దిగుడులో వేగంగా వస్తుంటే ముందు చక్రం రాయి అంచుకి కొట్టుకుంది. టైరు రిమ్ముకి, రాయికి మధ్య నలిగి, ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి, పాము కాటు గాట్లలా. ట్యూబు మార్చుకున్నాను. రెండు మైళ్ళు పోయాక వెనక చక్రానికి అదే గతి. ఇంకో ట్యూబు లేదు. ఫోను తీస్తే సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. సైకిల్ తోసుకుంటూ నడిచి గ్రామం చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. జూలై కాబట్టి వెలుతురు ఉంది. ఇంట్లో నా భార్య ఆరు గంటల నుంచి ఫోన్ చేస్తూనే ఉంది, ఆ రెండు గంటలు ఆమె ఎంత టెన్షన్ పడిందో తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా "ఇన్ని గంటలకల్లా ఫోన్ రాకపోతే ఫలానా చోటికి ఫోన్ చెయ్యి" అని కాగితం మీద రాసి ఇచ్చి వెళ్తాను. మీరూ అలాగే చెయ్యండి. అక్కడ చాలా చోట్ల ఫోన్ పనిచెయ్యదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఫోన్ నుంచి 999కి "register" అనే ఇంగ్లీషు మాటని మెసేజ్‌గా పంపి ముందే నమోదు చేసుకుంటే, మాట వినిపించనంత బలహీనమైన సిగ్నల్ ఉన్నప్పుడు కూడా మెసేజ్‌తో సాయం అడగొచ్చు. ఇంట్లో ఉండగానే చేసి పెట్టుకోవాల్సిన పని అది.

టైరు కనీసం 38 మిల్లీమీటర్లు ఉండాలి, 45 ఉంటే హాయి. మౌంటెన్ బైకు అయినా, హైబ్రిడ్ అయినా పర్వాలేదు. షాక్ అబ్జార్బర్లు తప్పనిసరి కాదు. టైరు పక్కన రాసి ఉన్నంత గరిష్ఠ గాలి కొట్టకండి. దానికి కొంచెం తగ్గించి, బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లోపలికి పోయేంత ఉంచండి. మరీ మెత్తగా ఉన్నా నాకు పడినట్టే చిల్లులు పడతాయి.

ట్యూబుల విషయంలో కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో నాలుగు సైకిళ్ళుంటే రెండు ట్యూబులు పట్టుకెళ్తారు, రెండూ నాన్న సైకిల్ సైజువే. పాప సైకిల్ చక్రం బహుశా 24 అంగుళాలది, మీవి 700 లేదా 27.5 ఉంటాయి. ఒకదాని ట్యూబు ఇంకోదానికి సరిగ్గా పట్టదు. ప్రతి సైజుకీ కనీసం ఒకటి, పెద్దవాళ్ళ సైజుకి రెండు ఉంచుకోండి. గాలి కొట్టే మూతి కూడా రెండు రకాలు. సన్నది ప్రెస్టా, కారు టైరుకి ఉండేలాంటిది ష్రేడర్. మీ పంపు రెండింటికీ పట్టుకుంటుందో లేదో ఇంటి దగ్గరే బిగించి చూడండి. చక్రం ఊడదీసి ట్యూబు మార్చడం ఇంట్లో ఒకసారి, వీలైతే పాప చేత కూడా చేయించండి. మా అమ్మాయికి పదేళ్ళప్పుడే వచ్చేసింది.

సైకిళ్ళు అద్దెకి తీసుకునేట్టయితే ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. తీసుకున్నాక అక్కడే, డబ్బు కట్టకముందే బ్రేకులు చూడండి. ఒకసారి మా స్నేహితుడికి ఒక చోట ఇచ్చిన సైకిల్‌కి వెనక బ్రేక్ ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఉంది. మొదటి పెద్ద దిగుడులో లోహం లోహానికి ఒరుసుకునే కీచుమన్న చప్పుడు వచ్చేదాకా మేం చూసుకోలేదు. మిగతా దిగుళ్ళన్నీ అతను దిగి నడిపించుకుంటూ వచ్చాడు. లివరు పూర్తిగా నొక్కితే హ్యాండిల్‌కి ఆనుకుందంటే ఆ సైకిల్ తీసుకోవద్దు.

కంకర మీద తొక్కడం పాపకి ముందే నేర్పాల్సిన విషయం. ఎక్కుడు కనిపించగానే, కాలు బిగుసుకోకముందే గేరు తగ్గించాలి. సగం ఎక్కాక లాగితే చైను కటకటలాడి జారిపోతుంది. ఎక్కేటప్పుడు సీటు మీదే కూర్చోవాలి, లేచి నిలబడితే వెనక చక్రం కంకరలో తిరిగిపోతుంది. దిగేటప్పుడు పెడళ్ళు రెండూ సమంగా ఉంచి, ఒళ్ళు కొంచెం వెనక్కి వేసి, రెండు బ్రేకులూ మెల్లగా, మలుపుకి ముందే పట్టాలి. మలుపులో ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం పక్కకి జారిపోతుంది. పిల్లలు దిగుడు చూడగానే వదిలేస్తారు, వాగు వంతెనలు సరిగ్గా ఆ దిగుళ్ళ చివర్లోనే ఉంటాయి. చెక్క వంతెన తడిగా ఉంటే నాచు పట్టి జారుతుంది, దాని మీద బ్రేకు పట్టనే కూడదు.

నాన్నగారి సంగతి. 66 ఏళ్ళంటే నేను భయపడను, ఊళ్ళో రోజూ సైకిల్ తొక్కే మనిషైతే మరీను. మా మామగారు ఒంగోలు దగ్గర ముప్పై ఏళ్ళు సైకిల్ మీదే ఉద్యోగానికి వెళ్ళొచ్చారు. 67వ ఏట ఇక్కడికి వచ్చినప్పుడు టవర్ నో నుంచి లీప్లిష్ దాకా తీసుకెళ్ళాను. ఆయన అలవాటు ఒకే గేరు సైకిల్. "ఈ గేర్లన్నీ ఎందుకు అల్లుడుగారూ, మనకి ఒకటి చాలు" అని పెద్ద గేరులోనే పెట్టుకుని, మొదటి రెండు మిట్టలూ మోకాళ్ళ మీద భారం వేసి తొక్కారు. మూడో దాని దగ్గర మోకాలు పట్టుకుని దిగేశారు. అప్పుడు పక్కన నిలబడి, సైకిల్ వెనక భాగం పైకెత్తి, చైను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎలా ఎక్కుతుందో చేత్తో పెడల్ తిప్పి చూపించాను. "ఓహో, కాళ్ళు ఎక్కువ తిరుగుతాయి, బరువు తక్కువ పడుతుంది" అన్నారు. ఆ తర్వాత ఏ మిట్టా దిగలేదు. మీ నాన్నగారికి కూడా ఇంటి ముందు అరగంట ఇది చూపించండి. మోకాళ్ళ నొప్పులున్నాయంటే, లేదా గుండెకి, బీపీకి మందులు వాడుతున్నారంటే డాక్టరు సలహా తీసుకుని, బ్యాటరీ సాయం ఉన్న సైకిల్ అద్దెకి దొరుకుతుందేమో చూడండి. ఆయన మొత్తం చుట్టూ తిరగాల్సిన పనే లేదు. మొదటి రోజు మీలో ఒకరు ఆయనతో కారులో గ్రామానికి వెళ్ళిపోయి, వయాడక్ట్ దగ్గర ఎదురు రావచ్చు.

ఆ వయాడక్ట్ దగ్గర తప్పకుండా ఆగండి. 1862లో కట్టిన రైలు వంతెన. దాని పిట్టగోడలు కోటబురుజుల్లా పళ్ళు పళ్ళుగా ఉంటాయి. రైళ్ళు 1950ల్లోనే ఆగిపోయాయి, వంతెన మాత్రం నిలిచింది. ఆ రైలు దారిలో కొంత, ప్లాషెట్స్ అనే రైలు స్టేషను, పొలాలు, ఇళ్ళు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. ఆనకట్ట 1981కి పూర్తయింది, 1982లో రాణి ఎలిజబెత్ ప్రారంభించారు. బ్రిటన్‌లో మనుషులు కట్టిన సరస్సుల్లో ఎక్కువ నీళ్ళు పట్టేది ఇదే. టీస్ నది ఒడ్డు ఉక్కు పరిశ్రమలకి నీళ్ళు కావాలని కట్టారు, తీరా కట్టాక ఆ పరిశ్రమలే తగ్గిపోయాయి. మా అమ్మమ్మగారి ఊరు కర్నూలు జిల్లాలో, శ్రీశైలం ముంపులో పోయింది. కీల్డర్ నిండుతున్న ఆ సంవత్సరాల్లోనే శ్రీశైలం కూడా నిండింది. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు అమ్మమ్మ వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చేది. అందుకని ఆ వంతెన మీద నిలబడి కింద నీళ్ళు చూస్తే నాకు ఉత్త అందంగా మాత్రమే అనిపించదు. మీ నాన్నగారికి ఆ కథ చెప్పండి, ఆయన తరం వాళ్ళకి బాగా తెలిసిన విషయం ఇది.

తిండి గురించి. ఇది చిన్న విషయం అనుకోకండి. ఉత్తరపు గట్టు మీద ఒక పెద్ద చెక్క తలకాయ ఉంటుంది, సిల్వాస్ కాపిటాలిస్ అంటారు, లోపలికి ఎక్కి దాని కళ్ళలోంచి అడవిని చూడొచ్చు. మా అమ్మాయి పదేళ్ళప్పుడు అక్కడ కూర్చుండిపోయింది. ఇక కదలను అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బతిమాలాను, కోప్పడ్డాను కూడా, ఆ కోపం నా తప్పు. పాపకి ఉన్నది మొండితనం కాదు, ఒంట్లో చక్కెర అయిపోయింది. పొద్దున ఏడింటికి రెండు ముక్కల బ్రెడ్డు తిన్నది, అంతే. డబ్బాలో పులిహోర ఉంది. నాలుగు ముద్దలు తిని, రెండు పల్లీ పట్టీలు నమిలి, నీళ్ళు తాగిన పావుగంటకి ఆ తలకాయ చెవిలోంచి తల బయటపెట్టి నన్ను పిలుస్తోంది. అప్పటినుంచి నా నియమం: ఆకలి వేసేదాకా ఆగకుండా ప్రతి 45 నిమిషాలకీ ఏదో ఒకటి తినాలి. పులిహోర మంచిది, చల్లారినా బాగుంటుంది, ఉప్పు కూడా అందుతుంది. ఖర్జూరాలు, పల్లీ పట్టీ, అరటిపండు. పెరుగన్నం వద్దు, తిని తొక్కితే బరువుగా ఉంటుంది. మనిషికి లీటరున్నర నీళ్ళు. వాగుల్లో నీళ్ళు తేటగా కనిపిస్తాయి, తాగకండి, పైన గొర్రెలు మేస్తుంటాయి.

జూన్ అన్నారు కాబట్టి మిడ్జ్‌ల గురించి చెప్పాలి. నలుసంత దోమలు. గాలి ఆగిపోయి, మబ్బు పట్టి, తడిగా ఉన్న పొద్దున, సాయంత్రం వేళల్లో గుంపులుగా వస్తాయి. తొక్కుతున్నంతసేపూ ఏమీ తెలియదు. చైను పడిపోయిందని చెట్ల నీడలో ఆగారా, అర నిమిషంలో హెల్మెట్ పట్టీల కింద, చెవుల్లో, కనురెప్పల మీద మంటగా కుడుతుంటాయి. ఆగాల్సి వస్తే గాలి ఆడే చోట, నీళ్ళ వైపు తెరపిగా ఉన్నచోట ఆగండి. మందు రాసుకోండి, తలకి వేసుకునే వల దొరికితే నాలుగు కొనండి, చవకే. గడ్డిలో కూర్చుంటే ఆ రాత్రి అందరి కాళ్ళూ, మోకాళ్ళ వెనకా చూసుకోండి, గోమారుల్లాంటి టిక్‌లు పట్టుకుంటాయి. మీరు తేదీలు మార్చుకోగలిగితే మే నెలాఖరు బడి సెలవులే మేలు. మిడ్జ్‌లు అప్పటికి అంత ఉండవు. కీల్డర్ ఆకాశం చీకటికి పేరు పొందింది, 2013లో ఆ ప్రాంతాన్ని డార్క్ స్కై పార్కుగా గుర్తించారు. కానీ మే నెలాఖరు, జూన్‌లలో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు. నక్షత్రాల కోసమైతే సెప్టెంబరులో రండి.

జూన్ అయినా వాన కోటు, ఒక పల్చటి స్వెటరు ప్రతి ఒక్కరి సంచిలో ఉండాలి. నాన్నగారికి ముఖ్యంగా. తొక్కేటప్పుడు చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే చలి పుట్టిస్తుంది. జీన్స్ వద్దు. తడిస్తే సాయంత్రం దాకా ఆరవు, తొడలు ఒరుసుకుపోతాయి.

గుర్రాలు ఎదురైతే పాపకి ఒక మాట నేర్పండి. వెనకనుంచి బెల్లు కొట్టకూడదు. దూరం నుంచే మామూలు గొంతుతో "హలో" అని పలకరించి, వేగం తగ్గించి, రౌతు చెయ్యి ఊపాక వెడల్పుగా పక్కనుంచి వెళ్ళాలి. చప్పుడు లేకుండా హఠాత్తుగా పక్కకి వచ్చినదాన్ని చూసి గుర్రం బెదురుతుంది.

కాస్త టైముంటే హాక్‌హోప్ దగ్గరే బెల్లింగ్ అనే ద్వీపకల్పం కొసకి వెళ్ళండి. అక్కడ రాళ్ళు పేర్చి కట్టిన పుట్టలాంటి గది ఒకటుంది, వేవ్ చేంబర్ అంటారు. తలుపు మూసి, కళ్ళు చీకటికి అలవాటుపడేదాకా రెండు మూడు నిమిషాలు ఓపిగ్గా నిలబడాలి. పైనున్న అద్దం, లెన్సు బయటి నీళ్ళ అలల్ని లోపల నేల మీదికి దింపుతాయి. ఎండ ఉన్న రోజున ఆ రాతి నేలంతా కదులుతున్నట్టు ఉంటుంది. మొత్తం చుట్టూ తొక్కలేని మనిషికి ఆనకట్ట, ఈ బెల్లింగ్ కలిపి ఒక మంచి పూట అవుతుంది. ఓస్ప్రేలు అనే చేపలు పట్టే గద్దలు 2009 నుంచి కీల్డర్‌లో గూళ్ళు పెడుతున్నాయి. వేసవిలో నీళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచితే కనిపించవచ్చు. ఎర్ర ఉడతలైతే నేను వెళ్ళినప్పుడల్లా కాకపోయినా, చాలాసార్లు చూశాను.

చివరగా, కీల్డర్‌కి ముందు మీ ఇంటి దగ్గరే రెండు చోట్ల సాధన చెయ్యమంటాను. ఒకటి రట్లండ్ వాటర్, లెస్టర్ నుంచి దగ్గర. చుట్టూ సుమారు 17 మైళ్ళు, మధ్యలో హాంబుల్టన్ ద్వీపకల్పం కూడా కలిపితే 23. అక్కడక్కడ పల్లెల్లో కొంచెం రోడ్డు వస్తుంది గానీ దారి చాలావరకు తేలిక. దూరం తట్టుకోగలరా లేదా అక్కడ తెలుస్తుంది. రెండోది డర్బీషైర్‌లో కార్సింగ్టన్ వాటర్. చుట్టూ 8 మైళ్ళే, కానీ సందర్శకుల కేంద్రానికి అవతలి గట్టున కీల్డర్ లాంటి మిట్టలే, కంకరే. పాప, నాన్నగారు కార్సింగ్టన్ ఒక చుట్టు తిరిగి, మధ్యాహ్నం తిని, "ఇంకో చుట్టు వెళ్దామా" అంటే కీల్డర్ రెండు రోజుల్లో వాళ్ళకి హాయిగా అవుతుంది. మొదటి చుట్టుకే చాలు అంటే, కీల్డర్‌లో దక్షిణపు గట్టు మీద టవర్ నో నుంచి లీప్లిష్ దాకా వెళ్ళి తిరిగి రండి, మిగతాది వచ్చే ఏడాదికి ఉంచుకోండి.

పాప సైకిల్ చక్రం సైజు, మీ టైర్ల పక్కన అచ్చు వేసి ఉన్న అంకెలు (700 x 35 అన్నట్టు ఉంటుంది) రాసి పెట్టండి. ఏ టైరు మార్చాలో, ఏ ట్యూబులు కొనాలో చెప్తాను.